పనికిరానివని వ్రాసిన యంత్రములు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కార్యదర్శిగారు నన్ను ఈ సాయంకాలము అమెరికా యాత్రానుభవములను గూర్చి మాట్లాడుమని కోరిరి. నయాగరా జలపాతమును గూర్చియు, న్యూయార్కు మేడలను గూర్చియు ఇచ్చట కూర్చున్నవారిలో సగముమంది నాకంటె బాగుగా చెప్పగలరు. పిల్లలు ఆ దేశమున స్థిరపడిన తలిదండ్రులము మనలో తక్కువమంది కాము. కావున నేను అచ్చట చూచినవానిలో ఒక్కదానిని మాత్రమే ఎత్తుకొందును. అది ఒక పాత తోట ట్రాక్టరు. దానిని బాగుచేయుచు పొరుగింటివారి కారు షెడ్డులో నేను గడిపిన శనివారములను గూర్చి చెప్పెదను.

నన్ను ఎరిగిన మిత్రులు అప్పుడే నవ్వుచున్నారు. నవ్వవలసినదే. 1976లో ఉద్యోగమున చేరి 2014లో విరమించువరకు నేను చేతపట్టిన పనిముట్టు కలము ఒక్కటే. పనిచేసినది సామగ్రి విభాగములో. కొనుగోళ్లు ఒక బల్ల, నిలువ లెక్కలు ఒక బల్ల, పాడైనవానిని లెక్కలోనుండి తీసివేయు తీర్మానములు మరియొక బల్ల. నా సర్వీసులో ఎక్కువ భాగము ఈ మూడవ బల్లయొద్దనే గడచెను. కుర్చీలు, పంకాలు, టైపు మిషన్లు, కడపటి రోజులలో కంప్యూటర్లు, అన్నిటికిని నేను వ్రాసినది ఒకటే వాక్యము: "మరమ్మతు గిట్టుబాటు కాదు." ఆ వాక్యము వ్రాయుటకు యంత్రమును చూడనక్కరలేదు. ఫైలు చూచిన చాలును.

2016 వేసవిలో మా అమ్మాయి, అల్లుడు ఇండియానా రాష్ట్రపు ఉత్తర భాగమున సౌత్ బెండ్ పట్టణమునకు చేరువలో కాపురముండిరి. మేము ఏప్రిలు నెలలో వెళ్ళితిమి. మొదటి రెండు వారములు వింతలతో గడచినవి. పిదప తోచుట మానెను. ఒకనాడు మా ఇంటి ఆమె, "ఏమండీ, అలా కిటికీ దగ్గర నిలబడితే పక్కింటాయన ఏమనుకుంటాడు? తోచకపోతే రండి, బెండకాయలు తరుగుదురుగాని" అనెను. నేను కిటికీనుండి చూచుచుండినది ఆ పక్కింటాయననే. డెబ్బదియైదేండ్ల పెద్దమనిషి ఒక ఎఱ్ఱని చిన్న ట్రాక్టరును బల్లమీదికి ఎక్కించి, దాని పొట్ట విప్పుచుండెను. మరుసటి దినము ఆయనయే చేయెత్తి పిలిచెను. అచ్చట పెద్దవారిని సైతము పేరుపెట్టి పిలువవలెనట. నా నోట రాలేదు. లోలోపల "అన్నగారు" అనుకొనుచు, పైకి "సార్" అనుచు గడిపితిని. ఆయనకు ఆ పిలుపు కడవరకు వింతగానే ఉండెను.

తోట ట్రాక్టరు అనగా ఏమో ముందుగా చెప్పవలెను. మన పొలములు దున్ను పెద్ద ట్రాక్టరు కాదు. వరిమడిలో మనిషి వెనుక నడచుచు పట్టుకొను పవర్ టిల్లరును కాదు. కూర్చుండి నడపు చిన్న ట్రాక్టరు అది. సాధారణముగా ఒంటి సిలిండరు ఇంజను, పది పన్నెండు అశ్వశక్తికి అటునిటు బలము. వసంతమున పెరటి మడిని దున్నును, వేసవిలో గడ్డి కోయును, శీతకాలమున ముందు ఇనుప పలక తగిలించినచో వాకిటి మంచును త్రోయును. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఆ దేశమున ఊళ్ళ వెలుపల అరయెకరము, ఎకరము స్థలములలో ఇండ్లు లేచినవి. చేతితో బాగుచేయుటకు మించినది, పెద్ద ట్రాక్టరు కొనుటకు చాలనిది ఆ నేల. ఈ యంత్రము ఆ నడిమి కొలతకు తగినట్లు పెరిగినది.

దాని పూర్వులు ఇంకను పాతవారు. పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున బెంజమిన్ గ్రేవ్లీ అను ఫొటోగ్రాఫరు 'ఇండియన్' అను మోటారు సైకిలు భాగములతో ఒంటిచక్రపు మోటారు నాగలిని చేసి, 1916లో పేటెంటు పొందెను. (ఆ ఇండియనుతో మనకు బంధుత్వము లేదు. అయినను వినినప్పుడు చెవులు నిక్కినవి.) సౌత్ బెండులో ఎల్మర్ పాండ్ అను ఆయన 1946లో చిన్న ట్రాక్టర్లు చేయుట ప్రారంభించెను. ఆయన కుమారుడు సెసిల్ దానిని పెద్ద కర్మాగారముగా పెంచెను. దాని పేరు వీల్ హార్స్. పలు గుఱ్ఱములు కట్టిన బండిలో చక్రములకు మిక్కిలి దగ్గరగా ఉండి బరువును మోయు గుఱ్ఱమునకు ఆ పేరు. ముందు నడచు గుఱ్ఱమును అందరు చూతురు, బండిని ఆపునది మాత్రము వెనుకటి గుఱ్ఱము. తరువాత పెద్ద కంపెనీలు రంగములో దిగినవి. ఇంటర్నేషనల్ హార్వెస్టరు 1961లో కబ్ క్యాడెట్టును, జాన్ డీర్ 1963లో 110 అను నమూనాను విడుదల చేసినవి. అదే 1963 డిసెంబరులో సౌత్ బెండులోని స్టూడిబేకర్ కార్ల కర్మాగారము మూతపడెను. వీల్ హార్స్ మాత్రము నిలిచినది. 1974లో ఒక యాజమాన్యము, 1986లో టోరో కంపెనీ దానిని కొన్నవి. 2007తో ఆ పేరును యంత్రములపై వేయుట మానిరి.

పొరుగింటి అన్నగారి బల్లమీదిది 1967 నాటిది. ఎనిమిది అశ్వశక్తి కోలర్ ఇంజను. ఆయన తండ్రి ఆ కర్మాగారములో పనిచేసినవాడట. ఎవరిదో కొట్టములో పదునొకండు సంవత్సరములు పడియున్న దానిని ఆయన తెచ్చుకొనెను. శనివారము శనివారము మరి నలుగురు వచ్చెడివారు. బడి బస్సు నడపు ఒక ఆమె, ఆసుపత్రిలో రాత్రి పాళీ చేయు ఒక నర్సు, పదునేడేండ్ల కుఱ్ఱవాడొకడు, పింఛను పుచ్చుకొను తపాలా ఉద్యోగి యొకడు. తపాలాయన కేంద్ర ప్రభుత్వోద్యోగియే గదా. మా ఇరువురికి మొదటి గంటలోనే స్నేహము కుదిరెను. జీతపు స్కేళ్లను గూర్చియే రెండు శనివారములు మాట్లాడుకొంటిమి.

నాకు మొదట ఇచ్చిన పని దీపము పట్టుకొనుట. ఆ పనిలో నిలిచియుండగా ఒక సంగతి గమనించితిని. విప్పిన బోల్టులను వారు ఒకే డబ్బాలో వేయుచుండిరి. నా ప్రాణము ఒప్పలేదు. కాగితపు పొట్లములు కట్టి, సంఖ్యలు వేసి, ఒక పుస్తకమున పద్దులు వ్రాసితిని: ఏ భాగమునుండి, ఏ వైపునుండి, ఎన్ని, ఏ స్థితిలో. మూడు వారముల తరువాత గేరుపెట్టెను తిరిగి బిగించునప్పుడు ఒక పొట్టి బోల్టు ఎచ్చటిదో తెలియక అందరు తలలు పట్టుకొనగా, నేను నలువది రెండవ పద్దు తీసి చూపితిని. ఆనాటినుండి ఆ పుస్తకము ఒక పనిముట్టుగా గోడన వ్రేలాడెను.

గర్వము ఎక్కువకాలము నిలువలేదు. తుప్పు తీయుటకు వారొక చక్కని పద్ధతిని అనుసరింతురు. ప్లాస్టికు తొట్టిలో నీరు పోసి బట్టల సోడా కలుపుదురు. తుప్పుపట్టిన భాగమును బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకును, అక్కరలేని ఇనుప ముక్కను ధనధ్రువమునకును తగిలించి నీటిలో ముంతురు. రెండును ఒకదాని నొకటి తాకరాదు. మరునాటికి తుప్పు మెత్తబడి బ్రష్షుకు ఊడివచ్చును, లోపలి మంచి ఇనుము చెడదు. ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను మాత్రము కట్టరాదు. క్రోమియపు విషము నీటిలో దిగును. హైడ్రోజను పుట్టును గనుక ఆరుబయటనే చేయవలెను. ఇవన్నియు నేను పుస్తకమున వ్రాసికొంటిని. వ్రాసికొనియు, బెల్టుపై కప్పు రేకు కవచమును తొట్టిలో పెట్టిననాడు రెండు తీగలను తారుమారు చేసితిని. తెల్లవారుసరికి పనికిరాని ముక్క నిగనిగలాడుచుండెను, కవచపు అంచులు కొరికివేసినట్లు కరగిపోయియుండెను. అన్నగారు ఏమియు అనలేదు. తపాలాయన మాత్రము, మా శాఖలో నయినచో విచారణ వేసెడివారు అనెను. విడిభాగములకై కొనియుంచిన మరియొక చచ్చిన ట్రాక్టరునుండి అట్టి కవచమునే ఊడదీసిరి. నేను పుస్తకములో "నష్టము, నా వలన" అని పద్దు వ్రాసి సంతకము చేసితిని. అట్టి పద్దు నా సర్వీసులో ఎన్నడును వ్రాసియుండలేదు.

ఈ యంత్రములు అరువదేండ్ల తరువాత బ్రతుకుటకు కారణము వాని కట్టుబడిలోనే కలదు. ఆ ఇంజను పోత ఇనుముది. సిలిండరు అరిగినచో తొలిచి, ఇంచిలో వేయింట పది, ఇరువది, ముప్పది వంతులు పెద్దదైన పిస్టనును వేయవచ్చును. ముందుగనే ఆ ఏర్పాటు చేసి అమ్మినారు. స్టార్టరు, డైనమో రెండును ఒకే పరికరము. మొదట మోటారై బెల్టుతో ఇంజనును త్రిప్పును. ఇంజను అందుకొనిన తరువాత దానిచేతనే తిరుగుచు బ్యాటరీని నింపును. పాయింట్లు ఇంజను ప్రక్కన ఒక చిన్న మూత క్రింద ఉండును. రెండు మరలు విప్పిన చాలును. విప్పువాడొకడు వచ్చునని తలచి చేసిన యంత్రము అది. నేటి చవుక యంత్రములలో కొన్నింటికి అట్టి తలపు లేదు. రంగు విషయములో మాత్రము వారిలో రెండు పక్షములు కలవు. క్రొత్త రంగు వేయవలెనని కొందరు, పాత గీతలను అట్లే ఉంచవలెనని కొందరు. నేను రెండవ పక్షమున చేరితిని గాని, నా ఓటు లెక్కకు రాలేదు. కుఱ్ఱవాడు పట్టుబట్టి ఎఱ్ఱరంగు వేసెను.

జూలైలో ఇంజను మేలుకొనెను. అందరు చప్పట్లు కొట్టిరి. ఇరువది నిమిషములు చక్కగా నడచి, పెరటి మధ్యలో ఆగిపోయెను. ఎంత త్రిప్పినను పలుకలేదు. గంట తరువాత ఒక్క త్రిప్పుకు పలికెను. మరల ఇరువది నిమిషములకు ఆగెను.

అప్పుడు వారు చేసిన విచారణను నేను కొంచెము వివరముగా చెప్పెదను. వేడెక్కినంతనే ఆగి, చల్లారగానే నడచు జబ్బునకు అనుమానించవలసినవారు ముఖ్యముగా ముగ్గురు. పెట్రోలు టాంకు మూతలో గాలి దూరు సన్నని రంధ్రము కలదు. అది పూడినచో లోపల గాలి చాలక పెట్రోలు దిగదు. కొంతసేపు ఆగినచో గాలి మెల్లగా చేరి మరల నడచును. రెండవది ఇగ్నిషన్ కాయిలు. వేడికి లోపలి చుట్టు తెగినట్లయి, చల్లారగనే కలియును. మూడవది కండెన్సరు. అన్నగారు ఖర్చులేని పరీక్షతో మొదలుపెట్టెను. ఇంజను ఆగగనే టాంకు మూత వదులుచేసి త్రిప్పెను. పలుకలేదు. వేడి చల్లారకమునుపే ప్లగ్గును విప్పి ఇంజను ఇనుమునకు ఆనించి, పెట్రోలు ఆవిరికి దూరముగా పెట్టి చూచెను. నిప్పురవ్వ వచ్చుచుండెను గాని, నీలముగా చిటపటలాడవలసినది పసుపుపచ్చగా నీరసముగా ఉండెను. అప్పుడు పాయింట్ల మూత తీసెను. ఒక పాయింటుపై గుంట, రెండవదానిపై బుడిపె.

కండెన్సరు వ్రేలి చివరంత రేకు డబ్బీ. పాయింట్లు విడిపోవు క్షణమున కాయిలులోని కరెంటు ఒక్కసారిగా ఆగవలెను. ఆగక పాయింట్ల నడుమ దూకినచో అవి కాలును, ప్లగ్గునకు బలము చాలదు. ఆ దూకెడు కరెంటును తనలోనికి లాగికొనుట ఈ డబ్బీ పని. లోపలి పొర పాతబడినచో చల్లగా ఉన్నంతసేపు పనిచేయును, వేడికి విడిచిపెట్టును. క్రొత్తదాని వెల కొద్ది డాలర్లు. పాయింట్లను సన్నని ఆకురాయితో సరిచేసి (వారు దానిని ఫైలు అందురు. నేను ఎరిగిన ఫైలు వేరు), వాని నడుమ ఎడమును ఇంచిలో వేయింట ఇరువది వంతులుగా రేకు గేజీతో కొలిచి బిగించిరి. ఆనాడు ట్రాక్టరు చీకటిపడువరకు నడచెను. బస్సు నడపు ఆమె దానిపై ఎక్కి నాలుగు పెరళ్ల గడ్డి కోసెను.

అందరు సంతోషముగా ఉండగా నేను మాత్రము ఒక మూల కూర్చుంటిని. ఆ జబ్బును నేను అంతకుముందు చదివియుంటిని.

1984లో మా కార్యాలయము క్రింద ఒక పెద్ద ఆవరణ ఉండెడిది. దాని పచ్చికబయళ్లకై ఎప్పుడో విదేశమునుండి తెచ్చిన రెండు తోట ట్రాక్టర్లు ఉండెడివి. వానిని చూచుకొను మిస్త్రీ హిందీలో వ్రాసిన నివేదికను నేను ఆంగ్లములోనికి మార్చితిని. వేడెక్కిన తరువాత ఆగును, చల్లారిన తరువాత నడచును, అని అతడు వ్రాసెను. నేను దానిని "తరచు ఆగుచున్నది, నమ్మదగినది కాదు" అని మార్చితిని. రెండవదానికి చక్రము విరిగెను. దానిలోని మంచి భాగములు మొదటిదానికి వేయవచ్చునని కూడ అతడు ఒక వాక్యము చేర్చెను. ఆ వాక్యమునకు మా నమూనాలో గడి లేదు, కావున వదలివేసితిని. క్రింద నా వాక్యము వ్రాసితిని. రెండును వేలములో తూకము మీద పోయినవి. లారీ ఎక్కించుచుండగా మిస్త్రీ వచ్చి ద్వారమున నిలిచెను. "బాబూజీ, ఇంకొక్క వారం" అనెను. నేను తేదీ దాటిపోయినదంటిని.

పెరటిలో ఎఱ్ఱని ట్రాక్టరు తిరుగుచుండగా నాకు ఆ ద్వారమే కనబడెను. మా ఇంటి ఆమెకు ఆ రాత్రి చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "ఆ మిస్త్రీ ఉన్నాడో లేడో కనుక్కోండి. ఊరికే బాధపడితే ఏం లాభం?" అనెను.

కనుగొనుటకు ఏడేండ్లు పట్టినది. కనుగొనినది కూడ నా ప్రయత్నము వలన కాదు. 2023 నవంబరులో మనమందరము ఇంకను బ్రతికియున్నామని బ్యాంకునకు ఋజువు చేసికొను వరుసలో నిలుచుండగా, మా పాత డ్రైవరు ఒకడు కలిసెను. మిస్త్రీ ఫరీదాబాదులో కుమారునియొద్ద ఉన్నాడని చెప్పెను. ఆ ఆదివారమే వెళ్ళితిని.

ఎనుబదికి దగ్గరపడిన మనిషి. చూపు తగ్గినది గాని గొంతు గుర్తుపట్టెను. టీ తెప్పించెను. నేను ఇండియానా కథ మొదలుపెట్టి సగములో ఉండగనే అతడు అందుకొనెను.

"కండెన్సరే బాబూజీ. నాకు రెండో రోజే తెలిసింది. ఇండెంటు రాశాను కదా."

"ఎవరికి పంపావు?"

"మీ బల్లకే."

ఆ ఇండెంటు నాకు జ్ఞాపకము లేదు. వచ్చి యుండవలెను. ఆ సంవత్సరము చిన్న కొనుగోళ్ల గుమాస్తా దీర్ఘకాలపు సెలవులో ఉండుటచే ఆ బల్ల కూడ నా క్రిందనే ఉండెను. ధరల పట్టికలో లేని వస్తువునకు మూడు కొటేషన్లు కావలెను. కొన్ని రూపాయల వస్తువునకు మూడు దుకాణములవారు కాగితముపై ధర వ్రాసి యిత్తురా? కావున అది కట్టలో అడుగున పడియుండును. నా ఎడమచేతి ప్రక్కన కండెన్సరు కావలెనను కాగితము, కుడిచేతి ప్రక్కన యంత్రము పనికిరాదను ఫైలు, రెండును ఒకే వారములో ఉండియుండవచ్చును. యంత్రపు సంఖ్య రెండింటిపైనను ఉండును. నేను చూడలేదు. మిస్త్రీతో ఈ మాట చెప్పితిని. అతడు నన్ను నిందించనూ లేదు, పోనిండనీ అనలేదు. స్కూటరు కండెన్సరు ఒకటి సొంత డబ్బుతో కొని జేబులో పెట్టుకొంటిననియు, దానిని ఎట్లు తగిలించవలెనో ఆలోచించుటకే ఆ వారము అడిగితిననియు మాత్రము చెప్పెను.

తరువాత అతడు నన్నొక ప్రశ్న అడిగెను. అచ్చటివారు పాయింట్ల ఎడము ఎంత పెట్టుదురు? నేను ఇంచిలో వేయింట ఇరువది యంటిని. మీరేమి పెట్టెడివారని అడిగితిని. గేజీ ఎప్పుడును ఇవ్వలేదు, పోస్టుకార్డును ఒక మడత పెట్టి దూర్చెడివాడను అనెను.

అతని కుమారుడు అచ్చటనే ఒక లేతు కర్మాగారమున పనిచేయును. లోపలినుండి మైక్రోమీటరు తెచ్చెను. గోడకు వ్రేలాడు తీగనుండి పాత పోస్టుకార్డు ఒకటి తీసి, మడిచి, బిగించి, కిటికీ వెలుతురునకు పట్టి అంకె చదివెను. అర మిల్లీమీటరు. ఇంచి లెక్కకు మార్చినచో వేయింట ఇరువదికి ఒక వెంట్రుక తక్కువ. మిస్త్రీ అటు చూడనైనను లేదు. టీ చల్లారుచున్నదని నన్ను తొందరపెట్టెను.